మిగిలిన ఇరవై నాలుగు దిమ్మెలు

ఇరవై నాలుగు సిమెంటు దిమ్మెలు మిగిలాయి. పెరట్లో ప్రహరీ గోడ పక్కన, వరసకి ఆరు చొప్పున నాలుగు వరసలుగా పేర్చి ఉన్నాయి. ఇంకో ఇంట్లో అయితే ఇది సంబరపడాల్సిన సంగతి. షెడ్డు పునాది పూర్తయింది, పైగా సరుకు మిగిలింది, ఇంతకంటే ఏం కావాలి? కానీ గజం మేస్త్రీ మాత్రం వాటి ముందు కుర్చీ వేసుక్కూర్చుని, ఎవరో తన గుమ్మంలో చెత్త కుమ్మరించి పోయినట్టు వాటి వంకే గుర్రుగా చూస్తున్నాడు.

"మూడోసారి లెక్కపెడుతున్నావ్. అలా లెక్కపెడుతూ కూర్చుంటే పిల్లల్ని పెడతాయనుకుంటున్నావా?" అంది భార్య, వంటింటి గుమ్మంలోంచి.

"నువ్వు ఊరుకో."

"ఊరుకోక ఏం చేస్తాను? మిగిలితే మంచిదేగా. నీళ్ళ డ్రమ్ము కింద నాలుగు వేయిస్తా, కూర్చోడానికి ఓ అరుగు కట్టించుకుంటా."

ఆవిడకి అరుగు కనిపిస్తోంది. ఆయనకి కనిపిస్తున్నది వేరు.

అసలు ఈ మనిషికి గజం మేస్త్రీ అన్న పేరెలా వచ్చిందో ముందు చెప్పాలి. తాపీ పట్టి యాభై ఏళ్ళయినా ఆయన టేపు పట్టి ఎరగడు. అంగ వేశాడంటే కచ్చితంగా మూడడుగులు, అంటే ఒక గజం. అంగుళం అటూ ఇటూ కాదు. ఖాళీ స్థలంలో ఇటునుంచి అటు నడిచి, నిలబడి, గోడకి ఇన్ని దిమ్మెలు పడతాయని చెప్పేవాడు. ఒకసారి ఎవరో కుర్ర ఇంజనీరు పట్టుబట్టి ఆయన కొలిచిన స్థలాన్నే మళ్ళీ టేపుతో కొలిస్తే నాలుగంగుళాలు తేడా వచ్చిందట. "సార్, మీ టేపు చూసుకోండి" అన్నాడట మేస్త్రీ. చూస్తే ఆ టేపు మొదట్లో తెగి, మళ్ళీ అతికించి ఉందట. ఇది నిజంగా జరిగిందో, తోటి పనివాళ్ళు చిలవలు పలవలు అల్లారో నేను చెప్పలేను గానీ, దిమ్మెల యార్డులో మాత్రం "గజం మేస్త్రీ చెప్పిన లెక్కా? అయితే ఎక్కించెయ్" అనేవాళ్ళు. ఆయన చేసిన పనిలో నాలుగైదు దిమ్మెలకి మించి ఎప్పుడూ మిగల్లేదు. తక్కువ పడటమన్నది అసలే లేదు.

ఇంట్లో దాని మూలంగా ఒక కట్టుబాటు కూడా పుట్టింది. నాన్న కొలిచాక టేపు పెట్టకూడదు. ఎవరూ రాసిపెట్టింది కాదు, అలా సాగిపోయింది. ముందునుంచీ ఆయనకి ముక్కు మీదే కోపం. టేపు తీస్తే చాలు, తన మీద పోలీసు కేసు పెట్టినంత రాద్ధాంతం చేసేవాడు.

పధ్నాలుగు నెలల కిందట పడ్డాడు. ఊరందరికీ పరంజా మీంచి పడ్డానని చెప్పుకున్నాడు గానీ, నిజానికి సబ్బు ముక్క మీద కాలేసి స్నానాల గదిలో పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. లోపల స్టీలు మేకులు వేశారు. నాలుగు నెలలు మంచం మీదా, రెండు నెలలు చేతికర్రతోనూ గడిచాయి. కర్ర పారేసిన రోజున వీధి చివరిదాకా నడిచొచ్చి "చూశావా, ఎప్పటి నడకే" అన్నాడు భార్యతో. ఆవిడ చూసింది. మంచినీళ్ళు తేవడానికి లోపలికెళ్ళింది.

ఇక ఈ షెడ్డు ఎవరికోసమంటే, కూతురి కోసం. పక్క పోర్షన్లోనే ఉంటుంది. వడ్రంగం చేస్తుంది. చెవి మీద ఎప్పుడూ పెన్సిలు ఉంటుంది కాబట్టి అందరూ పెన్సిలమ్మ అంటారు. పన్నెండేళ్ళుగా తలుపులూ కిటికీలూ చేసే కార్ఖానాలో పనిచేస్తోంది. ఇప్పుడా కార్ఖానా మూతపడుతోంది. యజమాని వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ, పొడవాటి రంపం మిషను ఆవిడకే ఇచ్చేస్తానన్నాడు, దాని పోకడ తెలిసింది ఆవిడకొక్కదానికే కాబట్టి. కానీ పై శనివారం లోపు తీసుకుపోవాలి. ఆ తర్వాత మిగిలినవన్నీ పాత ఇనప సామాన్ల లారీ ఎక్కేస్తాయి. మిషను చేతికొస్తే పెరట్లోనే సొంతంగా పని పెట్టుకోవచ్చు. రాకపోతే, నలభై ఏళ్ళ వయసులో ఇంకొకరి కార్ఖానాలో ఇసక కాయితం రుద్దే దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి.

మిషను బల్లతో కలిపి పదిహేనున్నర అడుగుల పొడవు. నేలకి బోల్టులతో బిగించాలి కాబట్టి కింద మందంగా కాంక్రీటు పొయ్యాలి, పోశాక వారం రోజులు తడపాలి. అంటే ఈ శుక్రవారం కాంక్రీటు పడి తీరాలి. లారీ నాలుగింటికి చెప్పారు. మూడింటికి అక్కడ నింపుతారు. ఒకసారి నింపారంటే ఇక ఆపడం కుదరదు, ఎక్కడో ఒకచోట పొయ్యాల్సిందే.

పునాదికి గుర్తులు పెట్టిన రోజున అల్లుడు టేపు పట్టుకొచ్చాడు. ఆయన బస్సు డ్రైవరు, నెమ్మదస్తుడు.

"మామయ్యా, ఊరికే ఒకసారి చూద్దాం, తప్పేముంది?" అన్నాడు.

మేస్త్రీ నోరు తెరవకముందే పెన్సిలమ్మ అందుకుంది. "మీరు ఆ టేపు లోపల పెట్టండి. రోజూ అంగుళాల్లో బతికేదాన్ని నేను. నేనే పెట్టట్లేదు, మీకెందుకు? మా నాన్న అంగ మీద నాకు నమ్మకముంది."

ఆ మాటకి మేస్త్రీకి ఏనుగెక్కినంత అయింది. కూతురు పొడవు పద్దెనిమిది, వెడల్పు పన్నెండు కావాలంది. ఆరంగలు అటు, నాలుగంగలు ఇటు. నాలుగు మూలలా మేకులు దిగాయి, దారం కట్టారు. దిమ్మెల లెక్క అక్కడే నిలబడి నోటితోనే చెప్పేశాడు. "చుట్టూ అరవై అడుగులు. దిమ్మె పదహారంగుళాలు, వరసకి నలభై ఐదు. మూలల దగ్గర రెండు గోడలూ ఒకే చోటుకి వస్తాయి కాబట్టి మూలకి అర దిమ్మె చొప్పున రెండు తీసెయ్. నలభై మూడు. నాలుగు వరసలకి నూట డెబ్భై రెండు. విరిగేవాటికి ఓ ఆరు. నూట డెబ్భై ఎనిమిది పంపమను."

కూర్చుని లేచే పని ఆయనకిప్పుడు కుదరదు. అందుకని కట్టుబడి పనంతా పాత జోడీ అయిన పొట్టి మేస్త్రీ చేశాడు. ఈయన కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేశాడు. మూడు రోజుల్లో నాలుగు వరసలూ లేచాయి. విరిగినవి రెండే. ఆ లెక్కన నాలుగు మిగలాలి.

ఇరవై నాలుగు మిగిలాయి.

యార్డువాడు ఎక్కువ పంపాడా? పంపలేదు. దింపినప్పుడు ఈయనే ఒక్కొక్కటీ లెక్కపెట్టాడు. పొట్టి మేస్త్రీ ఎక్కడైనా వరస ఎగ్గొట్టాడా? నాలుగూ కళ్ళ ముందే ఉన్నాయి. మరి ఇరవై దిమ్మెలు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి?

పొట్టి మేస్త్రీ కాళ్ళూ చేతులూ కడుక్కుంటూ అన్నాడు. "నీ చెయ్యి మంచిది బావా. అర దిమ్మె కొట్టే పనే పడలేదు. అన్నీ నిండు దిమ్మెలే, టక్కున సరిపోయాయి."

ఈ మాట మూడు రోజులుగా అంటూనే ఉన్నాడు. మూడు రోజులుగా గజం మేస్త్రీ దాన్ని మెచ్చుకోలు కిందే జమకట్టుకుని మురిసిపోయాడు. ఇప్పుడు మాత్రం ఆ మాట చెవిన పడగానే లెక్క వేసుకున్నాడు. పద్దెనిమిది అడుగులకి పదమూడున్నర దిమ్మెలు పడతాయి. వరస వరసకీ రెండు పొడుగు గోడల్లోనూ అర దిమ్మె కొట్టి తీరాలి. మొత్తం ఎనిమిది అర దిమ్మెలు. ఒక్కటీ కొట్టలేదంటే, అది పద్దెనిమిది అడుగుల గోడ కాదు.

ఆయన లేచి పొడుగు గోడ పై వరస లెక్కపెట్టాడు. పన్నెండు. పన్నెండు దిమ్మెలంటే పదహారడుగులు.

"ఏమైంది బావా?"

"ఏం లేదు. నువ్వెళ్ళి భోంచెయ్. నాలుగింటికి లారీ వస్తుంది."

పొట్టి మేస్త్రీ వెళ్ళాడు. రెండు వైపులా ఎనిమిదేసి అంగుళాల గోడ మందం తీసేస్తే లోపల మిగిలేది పధ్నాలుగడుగుల ఎనిమిదంగుళాలు. మిషను పదిహేనున్నర. పది అంగుళాలు చాలదు. పది అంగుళాల మిషను బయటపెట్టి కూతురు పని చేసుకోలేదు కదా.

అప్పటికి పన్నెండున్నర దాటింది.

ఇంకా ఆశ చావలేదు ఆయనకి. మేకులు కదిలి ఉండొచ్చు. దారం జరిగి ఉండొచ్చు. పొట్టివాడు పరాకు మనిషి, వాడే ఏదో చేసి ఉండొచ్చు. తన అంగ తప్పిందన్న ఒక్క మాట తప్ప మిగతావన్నీ ఆలోచించాడు. చివరికి లోపలికెళ్ళి ముందుగదిలో నిలబడ్డాడు. ఆ గది ఆయన స్వయంగా కట్టింది. ఈ గోడ నుంచి ఆ గోడకి పదిహేనడుగులు. ఐదంగలు. పెళ్ళయిన కొత్తలో కట్టాడు, వందసార్లు నడిచాడు, మడమ ఈ గోడకి ఆనిస్తే ఐదో అంగకి బొటనవేలు ఆ గోడకి తగలాలి.

మడమ ఆనించాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు.

గోడ ఇంకా దూరంగా ఉంది. మూరకి పైనే. ఇంకో అంగ వెయ్యబోతే అది సగం దాటాక తగిలింది.

మళ్ళీ నడిచాడు. ఈసారి కాలు బలవంతంగా సాగదీశాడు. తుంటి దగ్గర కత్తి పెట్టి తిప్పినట్టు పోటొచ్చింది, గోడ పట్టుకుని నిలబడ్డాడు. అలా సాగదీసినా ఐదుకి అందలేదు.

వంటింటి గుమ్మంలో భార్య నిలబడి ఉంది. ఎప్పటినుంచి చూస్తోందో.

"నీ నడక మారిందని నాకు తెలుసు," అంది మెల్లగా. "చెబితే నువ్వు ఇల్లు పీకి పందిరేస్తావని చెప్పలేదు."

"షెడ్డు రెండడుగులు తక్కువొచ్చింది."

ఆవిడ చేతిలోని గరిటె అలాగే ఉండిపోయింది. అరుగు కట్టించుకుంటానన్న మనిషి కిటికీలోంచి ఆ దిమ్మెల వంక చూసి, గుండె మీద చెయ్యేసుకుంది.

"అయితే అమ్మాయికి చెప్పు. ఇప్పుడే చెప్పు. లారీ వచ్చేస్తుందయ్యా!"

"చెప్తాను."

"చెప్తానని అక్కడే నిలబడతావేం?"

ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు. ఒంటిగంటా పది. అవతల రంపాల మోత మధ్య పెన్సిలమ్మ గొంతు ఉత్సాహంగా పలికింది. "నాన్నా! బల్ల ఊడొచ్చేసింది. బోల్టులు తుప్పు పట్టాయి గానీ నేను వదుల్తానా? అమ్మ చెప్పింది, దిమ్మెలు కూడా మిగిల్చావటగా! మా ఆయనకి చెప్పాను, చూశారా, మీ టేపు అయితే తక్కువ పడేవి అని."

మేస్త్రీ చూపు మిగిలిన దిమ్మెల మీదికి పోయింది.

"నాన్నా? ఏంటీ, ఎందుకు చేశావ్?"

"ఏం లేదమ్మడూ. భోజనం చేశావా?"

"అయ్యో, దానికా? చేశాలే. మూడింటికి లారీవాళ్ళు నింపుకుని బయల్దేరతారు. ఉంటాను."

పెట్టేసింది. ఆయన ఫోన్ చేతిలో పట్టుకుని ఆ పన్నెండు దిమ్మెల గోడ ముందు కుర్చీలో కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది, ఆ మాట అనడానికి నేను మొహమాటపడను, ఆయన ముఖంలో అది అంత స్పష్టంగా ఉంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, కొంప మునుగుతుంటే కన్నకూతురితో నీళ్ళు నమిలాడు. ఇంకోసారి నంబరు నొక్కాడు, మోగకముందే ఆపేశాడు. ఒకటిన్నరైంది. రెండైంది. భార్య రెండుసార్లు గుమ్మంలోకి వచ్చి చూసింది. రెండోసారి "నన్ను చెప్పమంటావా?" అంది. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

రెండుంబావుకి అల్లుడు డ్యూటీ దిగి వచ్చాడు. ఖాకీ చొక్కాతోనే పెరట్లోకొచ్చి పునాది చూసి "అబ్బో, అయిపోయిందే!" అన్నాడు. తర్వాత మామగారి ముఖం చూసి ఆగిపోయాడు.

"ఒంట్లో బాగాలేదా మామయ్యా?"

"మీ టేపు ఎక్కడుంది?"

"ఏ టేపు?"

"ఆ రోజు తెచ్చారే. తీసుకురండి."

అల్లుడు కదల్లేదు. ఇదేదో తనని పరీక్షించడమనుకున్నాడు. "వద్దులెండి మామయ్యా. మీ అమ్మాయి వింటే నన్ను ఇంట్లోంచి తరిమేస్తుంది. ఆరోజు ఏదో నోరు జారాను."

"తీసుకురమ్మంటున్నానా లేదా?" గొంతు లేచింది. లేచినంత వేగంగానూ దిగిపోయింది. "తీసుకురా నాయనా. టైము లేదు."

టేపొచ్చింది. అటు చివర అల్లుడు పట్టుకున్నాడు, ఇటు మేస్త్రీ పట్టుకున్నాడు. ఎప్పుడూ పట్టని వస్తువు కావడంతో ఎక్కడ నొక్కాలో తెలియక అది రెండుసార్లు చేతిలోంచి జారి చుట్టుకుపోయింది. మూడోసారి నిలిచింది. పదహారు. అంగుళం కూడా ఎక్కువ లేదు. వెడల్పు పదడుగుల ఎనిమిదంగుళాలు. అల్లుడు బస్సు నడిపేవాడే గానీ, భాగహారం రానివాడేం కాదు. పదహారడుగుల్ని ఆరంగలతో భాగించుకున్నాడు. అంగకి ముప్ఫై రెండంగుళాలు. ముప్ఫై ఆరు ఉండాల్సిన చోట.

అల్లుడు టేపు చుట్టేశాడు.

"నేనొకటి చెప్తాను, మీరు కాదనకండి," అన్నాడు అల్లుడు. "మేకులు నేను కదిపానని చెబుదాం. రాత్రి సైకిలు పెట్టేటప్పుడు దారం తగిలి ఊడిందని, నేనే మళ్ళీ కట్టానని. నన్నెలాగూ తిడుతూనే ఉంటుంది, ఇంకో తిట్టు ఎక్కువ. మీ మాట పోదు."

నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన మేస్త్రీకి ప్రాణం లేచొచ్చింది. ఎంత సుళువు! లారీ ఆగుతుంది, గోడ జరుగుతుంది, తన గజం గజంలాగే ఉంటుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. అల్లుడి వంక చూశాడు. టేపు తెచ్చినందుకు ఆ రోజు పెళ్ళాం చేత మాట పడ్డ మనిషి, ఇప్పుడు అదేమీ పట్టనట్టు తప్పు నెత్తినేసుకుంటానంటున్నాడు. మంచితనానికి కూడా హద్దుండాలి.

"నేను పడితే ఆర్నెల్లు నన్ను ఎత్తుకుని బస్సెక్కించింది మీరు," అన్నాడు మేస్త్రీ. "చాలు. దీన్ని కూడా మోయించను."

రెండూ నలభై. ఈసారి ఫోన్ మోగుతుంటే ఆపలేదు.

"నాన్నా, పనిలో ఉన్నా..."

"లారీ ఆపమ్మడూ."

"ఏంటి?"

"పునాది తక్కువొచ్చింది. పొడవు పదహారే ఉంది. మిషను పట్టదు. మేకులు కదల్లేదు, దారం జరగలేదు, పొట్టివాడి తప్పూ లేదు. నేనే తప్పు కొలిచాను. నా అంగ కురచైపోయింది. టేపుతో చూశాను. లారీ ఆపు ముందు."

అవతల రంపం ఆగింది. తర్వాత ఫోన్ కట్టయింది. మూడింటికి ఇంకా పదిహేను నిమిషాలుంది. ముగ్గురూ పెరట్లో నిలబడి వీధివైపు చెవులొగ్గారు. ఆ పదిహేను నిమిషాలూ ఎలా గడిచాయో వాళ్ళకే తెలియాలి. మూడుంబావుకి కూడా ఫోన్ రాలేదు. మేస్త్రీ భార్య "నింపేశారేమో, నింపేశారేమో" అంటూ అటూ ఇటూ తిరిగింది.

మూడున్నరకి పెన్సిలమ్మే వచ్చింది. జుట్టు నిండా రంపప్పొట్టు. వస్తూనే పునాది మీదికెక్కి, టేపు లాగి, తనే కొలుచుకుంది. అప్పుడు తండ్రి వైపు తిరిగింది.

"లారీ ఆపాను. లారీ డ్రమ్ములో కంకర పోస్తున్నారట, ఇంకో ఐదు నిమిషాలైతే అయిపోయేది. ఎల్లుండి పొద్దునకి మార్చారు. మా కార్ఖానా సారుని కాళ్ళావేళ్ళా పడి బతిమాలితే మిషనుకి ఇంకో రెండు రోజులు గడువిచ్చాడు. రెండంటే రెండే." ఊపిరి తీసుకుంది. "నీకెప్పుడు తెలిసింది నాన్నా?"

"పన్నెండున్నరకి."

"ఒంటిగంటకి ఫోన్ చేశావుగా! భోజనం చేశావా అని అడగడానికా చేశావ్?"

"నోరు రాలేదమ్మడూ."

"నీకు నోరు రాకపోతే నా మిషను పాత ఇనప సామాన్లవాడి పాలయ్యేది! పన్నెండేళ్ళు నాన్నా! నా పన్నెండేళ్ళు!"

ఆయన తల దించుకోలేదు. "భయమేసింది," అన్నాడు. "ఇక నుంచి నువ్వు కూడా నా పని మీద టేపు పెడతావని భయమేసింది."

"పెడతాను. పెట్టకేం?" అంది పెన్సిలమ్మ, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ రోజే పెట్టాల్సింది. నాదీ తప్పే. ఇంతకీ ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. దిమ్మెలు సరిపోతాయా?"

ఆ ప్రశ్నకి మాత్రం ఆయన ఎవర్నీ ఎదురుచూడనివ్వలేదు. వెడల్పు చాలు, దాన్ని ముట్టుకోనక్కర్లేదు. అటు చివర పొట్టి గోడ ఒక్కటీ విప్పి రెండడుగులు అవతలికి జరపాలి. పొడుగు గోడలకి వరసకి ఒకటిన్నర చొప్పున, రెండు వైపులా నాలుగు వరసలకి పన్నెండు దిమ్మెలు. మిగిలిన ఇరవై నాలుగులో ఇంకో పన్నెండుంటాయి. విప్పే గోడలో ఇరవై ఎనిమిది ఉన్నాయి. "పన్నెండుకి మించి విరక్కూడదు. విరిగితే యార్డుకి పరిగెత్తాలి, రేపు వాళ్ళకి సెలవు."

పొట్టి మేస్త్రీని పిలిపించారు. ఆయనా అల్లుడూ సుత్తీ ఉలీ తీసుకుని పై వరస నుంచి మొదలుపెట్టారు. పై వరస ఆ పొద్దున పెట్టిందే, సిమెంటు ఇంకా పచ్చిగా ఉండి తేలిగ్గా వచ్చింది. కింద వరసలు మొండికేశాయి. ఒక్కో దెబ్బకీ పెన్సిలమ్మ పళ్ళు బిగపట్టింది. ఆరోది విరిగింది. ఎనిమిదోది విరిగింది. మేస్త్రీ కుర్చీలో కూర్చుని, వచ్చిన దిమ్మెని వచ్చినట్టు తాపీతో గీకి శుభ్రం చేసి పక్కన పెడుతూ, పొట్టివాణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూనే ఉన్నాడు. "కింద నుంచి కొట్టకురా, పక్కనుంచి! పాయసంలో గరిటె పెట్టినట్టు పెట్టు, తలుపు బద్దలు కొట్టినట్టు కాదు!" ఐదున్నరకి గోడ నేలమట్టమైంది. పదకొండు విరిగాయి.

పెన్సిలమ్మ అక్కడే మట్టిలో కూలబడి నవ్వేసింది. ఏడుపు కూడా అందులోనే ఉంది. తల్లి మంచినీళ్ళు తెచ్చిచ్చింది. కొత్త గాడి తవ్వడానికి పొట్టి మేస్త్రీ మూలలు గుర్తుపెడుతున్నాడు, అల్లుడు టేపు పట్టుకున్నాడు. అంతా ఒక కొలిక్కి వచ్చినట్టే ఉంది.

అప్పుడు పెన్సిలమ్మ నీళ్ళ గ్లాసు కింద పెట్టి, తండ్రిని అడిగింది. "నాన్నా, లేచి తిరుగుతున్న ఈ ఎనిమిది నెలల్లో ఇంకెవరికైనా కొలిచిపెట్టావా?"

ఆయన తాపీ ఆగింది.

కొలిచాడు. నలుగురికి. ఒకరికి మురుగు కాలవ, ఒకరికి ప్రహరీ, ఒకరికి కోళ్ళ గూడు. అవి కట్టేశారు, కొంచెం కురచగా ఉన్నా కొంపలేం మునగవు, వెళ్ళి చెప్పి రావాలి. నాలుగోది పక్కవీధిలో ఉండే ఆస్పత్రి నర్సమ్మది. మంచాన పడ్డ వాళ్ళ నాన్నని తెచ్చుకుంటోంది. పెరట్లో ఆయనకో గది, చక్రాల కుర్చీ మంచం పక్కనుంచి తిరిగేంత జాగా ఉండాలని మరీ మరీ చెప్పింది. పోయిన వారమే అంగలేసి మేకులు కొట్టొచ్చాడు. రేపు పొద్దున్నే తవ్వకం.

"నేను వెళ్ళి కొలిచొస్తాను మామయ్యా. మీరు అలిసిపోయారు," అన్నాడు అల్లుడు.

"మీరు వెళితే మేకులు జరుగుతాయి," అన్నాడు మేస్త్రీ లేస్తూ. "ఎందుకు జరిగాయో ఆవిడకి తెలియదు. ఆ టేపు ఇటివ్వండి."

స్కూటరు మీద తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. టేపు జేబులో వేసుకుని, తుంటి పట్టుకుని, కురచ కురచ అంగలు వేసుకుంటూ వీధిలోకి నడిచాడు. ఎన్ని అంగలైందో మాత్రం లెక్కపెట్టలేదు. నర్సమ్మ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చినట్టుంది, తెల్లచీర ఇంకా మార్చుకోలేదు. ఆయన్ని చూసి పెరటి తలుపు బార్లా తీసింది. పడమటి ఎండలో నాలుగు మేకులూ, వాటి మధ్య కట్టిన దారమూ, మొన్న ఆయన కట్టినట్టే ఉన్నాయి.

జేబులోంచి టేపు తియ్యడం చూసి ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఇదెందుకండీ మేస్త్రీ గారూ? మీరు కొలిచారుగా. మీ అంగ తప్పదని మావాళ్ళందరికీ నేనే చెప్పాను."

"తప్పిందమ్మా," అన్నాడు ఆయన. టేపు చివర బయటికి లాగి ఆవిడకి అందించాడు. "ఇది కాస్త అటు పట్టుకోండి."